ఫైబర్ స్పీడ్ బాగుంది, ఆఫీసు వీపీఎన్ మాత్రం బిగుసుకుపోతోంది: ఎంటీయూ 1500, 1492, 1400లో ఏది పెట్టాలి?

తెనాలి_ఇంటిఆఫీసు

అందరికీ నమస్కారం. మాది తెనాలి, ఇంటి నుంచే ఉద్యోగం. ఈ మధ్య కొత్త ఫైబర్ తీసుకున్నాం, 100 ఎంబీపీఎస్ ప్లాన్. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఓఎన్‌టీని (ఫైబర్ వచ్చి చేరే పెట్టెని) బ్రిడ్జ్‌లో (డేటాని దాటించే పని మాత్రమే చేసేలా) పెట్టి, నా సొంత రౌటర్‌లో పీపీపీఓఈ (నెట్ కంపెనీకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి వెళ్లాడు. స్పీడ్ టెస్ట్‌లో 93, 94 వస్తోంది. యూట్యూబ్ 4కే ఎక్కడా ఆగదు. బ్యాంకు, రైలు టికెట్లు, పిల్లల క్లాసులు అన్నీ సాఫీగా నడుస్తున్నాయి.

గొడవంతా ఆఫీసు వీపీఎన్‌తోనే (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే గుప్తీకరించిన దారి). కనెక్ట్ అవుతుంది, లాగిన్ అవుతుంది, చాట్ వెళ్తుంది, చిన్న మెయిల్ తెరుచుకుంటుంది. అటాచ్‌మెంట్ ఉన్న మెయిల్ నొక్కితే తెల్ల తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌కి ఆదేశాలు కొట్టే పద్ధతి) సర్వర్‌లోకి వెళ్తే ప్రాంప్ట్ వస్తుంది. పెద్ద ఫోల్డర్‌లో ఎల్ఎస్ (ఫైళ్ల జాబితా చూపే ఆదేశం) కొట్టగానే స్క్రీన్ బిగుసుకుపోతుంది, ఇక కంట్రోల్ సీ కూడా పనిచేయదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఇవేవీ లేవు.

కస్టమర్ కేర్ వాళ్లు "స్పీడ్ వస్తోంది కదా సార్" అంటున్నారు. ఆఫీసు ఐటీ వాళ్లు "మీ ఇంటి నెట్ చూసుకోండి" అంటున్నారు. రౌటర్‌లో ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠంగా ఎన్ని బైట్లు ఉండొచ్చో చెప్పేది) అనే గడిలో 1500 అని ఉంది. ఒకరు 1492 పెట్టమంటారు, ఒకరు 1400 అంటారు, ఇంకెక్కడో 1472 అని చదివాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

హెడ్‌సెట్_హరి

1400 పెట్టేయ్ బ్రో. ల్యాప్‌టాప్‌లో, రౌటర్‌లో రెండింట్లోనూ. నేను గేమ్ కోసం పెట్టాను, పింగ్ తగ్గింది. ప్యాకెట్ చిన్నదైతే తొందరగా వెళ్తుంది కదా.

కృష్ణలంక_ప్యాకెట్

హరి తమ్ముడూ, పింగ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆయన సమస్య చూడాలి. కొలవకుండా 1400 పెడితే లక్షణం మాయమవుతుందేమో గానీ జబ్బు ఎక్కడుందో తెలియదు.

తెనాలి గారూ, మీరు చెప్పిన లక్షణాలు చాలా స్పష్టంగా ఉన్నాయి. చిన్నవన్నీ వెళ్తున్నాయి, పెద్దవి వచ్చేసరికి చడీచప్పుడు లేకుండా ఆగిపోతున్నాయి. నెమ్మదిగా రావడం లేదు, అసలు రావడమే లేదు. స్పీడ్ తక్కువైతే ఇలా ఉండదు. వీపీఎన్ తీసేసి, కేబుల్ మీద, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి:

పింగ్ -ఎఫ్ -ఎల్ 1472 1.1.1.1

-ఎఫ్ అంటే "దారిలో ఎవరూ ఈ ప్యాకెట్‌ని ముక్కలు చేయకూడదు" అని. -ఎల్ పక్కన ఉన్నది మీరు పంపే డేటా సైజు. దానికి ఐసీఎంపీ (పింగ్‌లని, దారిలోని లోపాల కబుర్లని మోసే పద్ధతి) హెడర్ 8 బైట్లు, ఐపీ హెడర్ 20 బైట్లు కలుస్తాయి. 1472కి 28 కలిపితే 1500. మీరు ఎక్కడో చదివిన 1472 ఇదే. అది పింగ్‌లో కొట్టే సైజు, ఎంటీయూ గడిలో పెట్టేది కాదు. జవాబు రాకపోతే 1464, తర్వాత 1465 కొట్టి చూడండి. వచ్చిన సందేశం ఏంటో అక్షరం పొల్లు పోకుండా రాయండి, అందులోనే సగం సమాధానం ఉంటుంది. 8.8.8.8 వద్దు, పెద్ద పింగ్‌కి అది జవాబు కుదించి పంపుతుంది, అప్పుడు ఒక దిక్కు మాత్రమే పరీక్షించినట్లు అవుతుంది.

తెనాలి_ఇంటిఆఫీసు

కొట్టానండీ.

1472: రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్, నాలుగుసార్లూ అదే.
1464: రిప్లై వచ్చింది, బైట్స్ 1464.
1465: మళ్లీ రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్.

కృష్ణలంక_ప్యాకెట్

1464కి 28 కలిపితే 1492. మీ లైను వెడల్పు అదన్నమాట. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌లో మోయగలిగేది 1500 బైట్లు. పీపీపీఓఈ అందులోంచి 8 బైట్లు తన హెడర్లకి తీసుకుంటుంది (పీపీపీఓఈకి 6, పీపీపీకి 2). 1999లో దాని ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 2516 వచ్చినప్పటి నుంచీ ఈ 1492 అలాగే ఉంది. మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లు ఇంకా పీపీపీఓఈ మీదే నడుస్తున్నాయి కాబట్టి ఈ అంకె తెలిసి ఉండటం అవసరం.

ఇప్పుడు అసలు తేడా. రౌటర్‌లో 1492 అని ఉండి ఉంటే 1472 పింగ్‌కి మీకు "ప్యాకెట్ నీడ్స్ టు బి ఫ్రాగ్మెంటెడ్ బట్ డీఎఫ్ సెట్" అనే సందేశం వచ్చేది. అంటే రౌటర్ "ఇది పట్టదు, చిన్నది పంపు" అని తిరిగి చెప్పినట్టు. మీకు టైమ్డ్ అవుట్ వచ్చింది. మీ రౌటర్ తన లైను 1500 అనుకుని పెద్ద ప్యాకెట్‌ని అలాగే తోసేస్తోంది. 8 బైట్లు కలిసి 1508 అయ్యేసరికి అవతల ఎక్కడో పడిపోతోంది. పడిపోయిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు. ఎత్తు బోర్డు లేని రైలు వంతెన కిందకి లారీని పంపినట్టుంది వ్యవహారం. దీన్నే బ్లాక్ హోల్ అంటారు.

దారిలో ఇరుకు ఎక్కడుందో పంపేవాడికి తెలియజేసే పద్ధతి పేరు పాత్ ఎంటీయూ డిస్కవరీ, 1990లోనే ఆర్‌ఎఫ్‌సీ 1191గా వచ్చింది. అది మొత్తం ఆ ఐసీఎంపీ సందేశం మీదే ఆధారపడింది. భద్రత పేరుతో ఐసీఎంపీ మొత్తాన్ని ఫైర్‌వాల్‌లో మూసేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు నిజంగా బాధగా ఉంటుంది అది చూస్తే. ఒక్క నియమంతో ఎవరి ఇంట్లోనో ఎవరి పనో ఆగిపోతుంది, కారణం వాళ్లకి ఎప్పటికీ తెలియదు.

రౌటర్ పీపీపీఓఈ పేజీలో ఎంటీయూ 1492 చేయండి. ల్యాప్‌టాప్‌లో ఏమీ ముట్టుకోకండి, అక్కడ 1500 ఉండనివ్వండి.

నిడదవోలు_నాని

నాదొక సందేహం అన్నా. లైను 1492 అయినప్పుడు ఆయనకి మామూలు వెబ్‌సైట్లు కూడా ఆగిపోవాలి కదా? అవెలా వస్తున్నాయి?

కృష్ణలంక_ప్యాకెట్

మంచి ప్రశ్న నానీ. టీసీపీ (వెబ్‌సైట్లు, ఫైళ్లు ఎక్కువగా వాడే పద్ధతి) కనెక్షన్ మొదలయ్యేటప్పుడు రెండు పక్కలవాళ్లూ "నాకు ఇంతకంటే పెద్ద ముక్క పంపకు" అని చెప్పుకుంటారు. అది ఎంఎస్ఎస్. 1500కి ఐపీ 20, టీసీపీ 20 తీసేస్తే 1460. ఐఎస్‌పీ (నెట్ కంపెనీ) వాళ్ల పెట్టె మధ్యలో ఆ అంకెను 1452కి దించేస్తుంది, చాలామంది అలా పెట్టుకుంటారు. దాన్ని ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అంటారు. అందుకే వెబ్‌సైట్లకి దెబ్బ తగల్లేదు. యూట్యూబ్ బ్రౌజర్‌లో ఎక్కువగా క్విక్ (టీసీపీ బదులు వాడే కొత్త పద్ధతి) మీద నడుస్తుంది. అది 1200 బైట్ల చుట్టుపక్కల మొదలుపెట్టి దారిని తనే తడుముకుంటూ పెంచుకుంటుంది, కాబట్టి దానికీ ఇబ్బంది లేదు.

యూడీపీ (ముందస్తు మాటలు లేకుండా నేరుగా ప్యాకెట్లు పంపే పద్ధతి) మీద నడిచే వీపీఎన్‌కి ఈ రెండు రక్షణలూ లేవు. లోపలున్న టీసీపీ గుప్తీకరించి ఉంటుంది కనుక మధ్యలో ఎవరూ ఎంఎస్ఎస్ దించలేరు. "యూట్యూబ్ బాగుంది, వీపీఎన్ బాగోలేదు" అంటే నేను ముందు చూసేది ఇదే.

మాగ్డెబర్గ్_మిత్రుడు

జర్మనీలో ఎంఎస్ చేస్తున్నాను. ఇక్కడ డాయిష్ టెలికాం లైన్లు కూడా పీపీపీఓఈనే, 1492నే. మన దేశం సమస్య అనుకోకండి. ఇంటికి రౌటర్ తెచ్చుకున్న ప్రతి స్నేహితుడికీ నేను ముందు చూసి పెట్టేది ఈ గడే.

తెనాలి_ఇంటిఆఫీసు

1492 పెట్టాను. ఇప్పుడు 1472 పింగ్‌కి ఆ ఫ్రాగ్మెంటెడ్ సందేశం వస్తోంది, కృష్ణలంక గారు చెప్పినట్టే. వీపీఎన్‌లో అప్‌లోడ్ కదిలింది! ఫైళ్లు పైకి వెళ్తున్నాయి. కానీ కిందకి రావడం లేదు. ఎల్ఎస్ కొడితే ఇంకా బిగుసుకుంటోంది. ఐటీ వాళ్లని అడిగితే వాడేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ అన్నారు, ఎంటీయూ 1420 అట.

టన్నెల్_లక్ష్మి

ఇక్కడ నేను అందుకుంటాను. తెనాలి గారూ, మీ కొత్త కనెక్షన్‌లో ఐపీవీ6 (పాత ఐపీవీ4 తర్వాత వచ్చిన పొడుగు చిరునామాల పద్ధతి) వస్తోందా? వీపీఎన్ సర్వర్ చిరునామా ఐపీవీ6కి తెరుచుకుంటోందేమో చూడండి.

తెనాలి_ఇంటిఆఫీసు

అవునండీ లక్ష్మి గారూ. ఎండ్‌పాయింట్ దగ్గర కోలన్లతో పొడుగాటి చిరునామా కనబడుతోంది.

టన్నెల్_లక్ష్మి

అయితే దొరికినట్టే. లెక్క చూడండి.

వైర్‌గార్డ్ ప్రతి ప్యాకెట్‌కి తన 32 బైట్లు కలుపుతుంది, యూడీపీ 8. పైన ఐపీవీ4 అయితే 20, మొత్తం 60. ఐపీవీ6 అయితే 40, మొత్తం 80. 1420 అనే డిఫాల్ట్ ఎక్కడి నుంచి వచ్చిందంటే 1500లోంచి 80 తీసేస్తే వచ్చింది. మామూలు 1500 లైను మీద అది సరిగ్గా సరిపోతుంది. మీ లైను 1492. ఐపీవీ4 మీద వెళ్లి ఉంటే 1420కి 60 కలిసి 1480, హాయిగా పట్టేది. ఐపీవీ6 మీద 1500 అవుతోంది. 8 బైట్లు ఎక్కువ.

అప్‌లోడ్ ఎందుకు కదిలిందంటే ఇప్పుడు మీ రౌటర్ నిజం చెబుతోంది, ఆ దిక్కులో మీ ల్యాప్‌టాప్ సర్దుకుంది. డౌన్‌లోడ్ దిక్కులో పెద్ద ప్యాకెట్ ఆఫీసు సర్వర్ నుంచి బయల్దేరుతుంది. ఐపీవీ6లో దారిలోని రౌటర్లు ముక్కలు చేయవు, చేయకూడదు. "ప్యాకెట్ టూ బిగ్" అని పంపినవాడికి చెప్పి వదిలేస్తాయి. ఆ సందేశం మీ ఆఫీసు ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోతోందని నా అంచనా.

మీ పక్క నుంచే సర్దవచ్చు. వైర్‌గార్డ్ కాన్ఫిగ్‌లో ఇంటర్‌ఫేస్ భాగంలో ఎంటీయూ = 1408 అని ఒక వరుస చేర్చండి. మీ పక్క ఎంటీయూ తగ్గితే మీరు టీసీపీలో చెప్పే ఎంఎస్ఎస్ కూడా తగ్గుతుంది, అవతలివాడు చిన్న ముక్కలే పంపుతాడు.

1492లోంచి 80 తీస్తే 1412 కదా, 1408 ఎందుకు అని అడుగుతారని తెలుసు. వైర్‌గార్డ్ లోపలి ప్యాకెట్‌ని 16 గుణిజానికి నింపుతుంది, కానీ తన ఎంటీయూ దాటనివ్వదు. 1412 బైట్ల ప్యాకెట్‌ని ఆఫీసు సర్వర్ 1424 చేయాలనుకుంటుంది. దాని ఎంటీయూ 1420 కనుక 1420 దగ్గర ఆపుతుంది. మళ్లీ 80 కలిసి 1500, మళ్లీ అదే గోతిలో పడతారు. 1408 సరిగ్గా 16 గుణిజం. దానికి 80 కలిస్తే 1488, దాటిపోతుంది. 1412 పెట్టి "ఎంటీయూ మార్చినా బాగుపడలేదు" అని వదిలేసినవాళ్లని చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తెనాలి_ఇంటిఆఫీసు

లక్ష్మి గారూ, ముందు 1412 పెట్టి చూశాను, మీరు చెప్పింది నిజమా అని. ఎల్ఎస్ బిగుసుకుంది. 1408 పెట్టాను. ఎంటర్ కొట్టగానే ఫోల్డర్ మొత్తం జరజరా దిగిపోయింది. అటాచ్‌మెంట్లు కూడా వస్తున్నాయి. ఇద్దరికీ చేతులెత్తి దండం.

హెడ్‌సెట్_హరి

సరే, అన్న సమస్య తీరింది, సంతోషం. కానీ నేను 1400 పెడితే పింగ్ తగ్గింది అన్నదానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు. నిజంగానే తగ్గింది.

కృష్ణలంక_ప్యాకెట్

మరిచిపోలేదు తమ్ముడూ. 100 ఎంబీపీఎస్ లైను మీదకి 1500 బైట్ల ప్యాకెట్ ఎక్కడానికి పట్టేది 0.12 మిల్లీసెకను. 1400 అయితే 0.112. ఆ తేడా ఏ గేమ్‌లోనూ కనపడదు. పైగా గేమ్ పంపే ప్యాకెట్లు కొన్ని వందల బైట్లే ఉంటాయి, 1400 గోడని అవి ఎప్పుడూ తాకవు. తాకని గోడ ఎత్తు తగ్గించినా వాటికి ఒకటే.

నష్టం కూడా పెద్దగా లేదు, అదీ చెప్పాలి. వైరు మీద ప్రతి ఫ్రేమ్‌కీ 38 బైట్ల అదనపు బరువు ఉంటుంది. 1492 మీద 100 ఎంబీపీఎస్ పోర్టులో అసలు డేటాకి మిగిలేది 94.4. తెనాలి గారికి స్పీడ్ టెస్ట్‌లో 94 దగ్గర ఆగుతున్నది అందుకే, ఎవరూ దొంగిలించడం లేదు. 1400 పెడితే 94.05. తేడా మూడో వంతు ఎంబీపీఎస్‌కి కాస్త ఎక్కువ, అది పెద్ద లెక్కలోకి రాదు. 576 పెడితే మాత్రం 86కి పడిపోతుంది, రౌటర్ సెకనుకి 8 వేల ప్యాకెట్ల బదులు 20 వేలు మోయాలి, చవక రౌటర్లు ఆయాసపడతాయి.

గోదారిగట్టు

576 మాట వచ్చింది కాబట్టి చెబుతాను. రాజమండ్రిలో నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో మోడెం స్పీడ్ 33.6 కేబీపీఎస్. దాని మీద 1500 బైట్ల ప్యాకెట్ ఒక్కటి దిగడానికి సెకనులో మూడో వంతు పైనే పట్టేది. ఆ వెనక చాట్ అక్షరం ఒకటి ఉంటే అది అంతసేపూ ఆగాల్సిందే. 576 పెడితే 0.14 సెకను. అప్పట్లో ప్యాకెట్ చిన్నది చేస్తే నిజంగా తేడా కనబడేది, కుర్రాళ్లు మెచ్చుకునేవాళ్లు. విండోస్ రిజిస్ట్రీలో ఎంటీయూ, రిసీవ్ విండో మార్చే చిట్కాలు అప్పుడు పుట్టినవే. విస్టా నుంచి విండోస్ రిసీవ్ విండోని తనే సర్దుకుంటోంది. లైన్లు వేల రెట్లు పెరిగాయి. చిట్కాలు మాత్రం అవే అంకెలతో ఇప్పటి వీడియోల్లోకి వచ్చేశాయి. హరిబాబూ, నీ తప్పేం లేదు, నీకు చెప్పినవాళ్లు ఏ కాలం నుంచి తెచ్చారో నీకు తెలియదు.

టన్నెల్_లక్ష్మి

హరీ, నీ పింగ్ ఎప్పుడు పెరుగుతుంది? ఇంట్లో ఇంకెవరైనా ఏదైనా పంపుతున్నప్పుడా? ఒక పని చెయ్యి. ఒక కిటికీలో పింగ్ -టీ నడుపుతూ ఉంచు, ఫోన్ నుంచి పెద్ద వీడియో ఒకటి డ్రైవ్‌లోకి ఎక్కించు. అంకెలు చూడు.

హెడ్‌సెట్_హరి

చూశా అక్కా. ఖాళీగా ఉన్నప్పుడు 12, 13. వీడియో ఎక్కుతుంటే 180, ఒక్కోసారి 220. ఎంటీయూ 1500 పెట్టినా, 1400 పెట్టినా అంతే. సాయంత్రం చెల్లి ఫోన్ ఫొటోలు బ్యాకప్ అవుతాయి, నేను ఆడేది కూడా అప్పుడే.

టన్నెల్_లక్ష్మి

నీ రోగం ఇది. దీని పేరు బఫర్‌బ్లోట్. అప్‌లోడ్ నిండినప్పుడు ప్యాకెట్లు రౌటర్‌లో క్యూ కడతాయి, నీ గేమ్ ప్యాకెట్ ఆ క్యూ చివర నిలబడుతుంది. నీ రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) వేయగలిగితే ఎస్‌క్యూఎం అనే క్యూ సర్దే ప్యాకేజీ పెట్టుకో, కేక్ అనే పద్ధతి ఎంచుకో, అప్‌లోడ్ హద్దుని నీకు నిజంగా వచ్చే స్పీడ్‌లో 90 శాతం దగ్గర పెట్టు. పది శాతం వదులుకుంటావు, క్యూ మాత్రం నీ చేతిలోకి వస్తుంది.

హెడ్‌సెట్_హరి

పెట్టాను. వీడియో ఎక్కుతున్నా పింగ్ 20 దాటడం లేదు. ఎంటీయూ రెండుచోట్లా పాతది పెట్టేశాను.

కరీంనగర్_స్టూడియో

అన్నా, నాది వేరే ముచ్చట. మాది ఫొటో స్టూడియో. పెండ్లి వీడియోలు నాస్‌ల (నెట్‌వర్క్ మీద నడిచే డిస్కుల పెట్టె) పెడ్తం. తొందరగ కాపీ అయితదని ఎవరో చెప్తే పీసీల, నాస్‌ల రెండింట్ల జంబో ఫ్రేమ్ (మామూలు కంటె పెద్ద ప్యాకెట్) 9000 పెట్టిన. ఇప్పుడు ఫోల్డర్ తెరుచుకుంటది, ఫైళ్ల పేర్లు కనవడ్తయి, కాపీ కొడితే సున్నా శాతం కాడనే ఆగిపోతది. నాస్ ఖరాబైందా?

కృష్ణలంక_ప్యాకెట్

నాస్‌కి ఏమీ కాలేదన్నా. ఆగిపోయే తీరు తెనాలి గారిదీ మీదీ ఒకటే: పేర్లు వస్తాయి, సరుకు రాదు. రెండింటి మధ్య ఉన్న స్విచ్ ఏది?

కరీంనగర్_స్టూడియో

పాతది, ఎనిమిది పోర్టులది. పెట్టె మీద జంబో అని ఏం రాసి లేదు.

కృష్ణలంక_ప్యాకెట్

అదే అడ్డం. పీసీ, నాస్ రెండూ 9000కి ఒప్పుకున్నాయి. మధ్యలో స్విచ్‌కి 1500 దాటితే చేతకాదు. స్విచ్ ఐపీ స్థాయిలో పనిచేయదు కాబట్టి "పెద్దదైంది" అని చెప్పే దారే దానికి లేదు, పారేస్తుంది. ఒకవేళ పీసీ 9000, అవతల టీవీ 1500 అయితే టీసీపీ ఎంఎస్ఎస్ మాట్లాడుకుని బతికిపోయేది. మధ్యవాడు అసమర్థుడైతే ఆ మాటలు పనికిరావు.

ఇంత చేసి వచ్చే లాభం ఎంతో చూడండి. గిగాబిట్ మీద 1500తో సెకనుకి 118 మెగాబైట్ల వరకు వెళ్తుంది, 9000తో 123. ఒక పెళ్లి ఫుటేజ్ కాపీలో నిమిషానికి రెండున్నర సెకన్లు మిగులుతాయి. మీ నాస్‌లో ఒకటే హార్డ్ డిస్క్ అయితే ముందు అదే అడ్డం పడొచ్చు. వైఫై మీద జంబో అసలు పనికిరాదు. అక్కడ ఫ్రేమ్ పరిమితి 2304 బైట్లు, చిన్న ప్యాకెట్లని మూట కట్టి పంపే పని వైఫై తనే చేసుకుంటుంది. రెండుచోట్లా 1500కి దించేయండి. డబ్బు పెట్టాలనుకుంటే 2.5 గిగాబిట్ కార్డులు, స్విచ్ కొనండి, అది కంటికి కనపడుతుంది.

కరీంనగర్_స్టూడియో

దించిన. కాపీ నడుస్తున్నది, 112 చూపెడ్తున్నది. శాన థాంక్స్ అన్నా.

నిడదవోలు_నాని

ఇంకొకటి. పీపీపీఓఈ మీద కూడా పూర్తి 1500 తెచ్చుకోవచ్చని చదివాను. నిజమేనా?

కృష్ణలంక_ప్యాకెట్

నిజమే. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4638 దానికే వచ్చింది. కింద ఉన్న ఈథర్‌నెట్ 1508 మోయాలి, మీ రౌటర్, ఓఎన్‌టీ, ఐఎస్‌పీ మూడూ ఒప్పుకోవాలి. ఒక్కటి కాదన్నా 1492కే పడిపోతుంది. మీ ఐఎస్‌పీ ఇంజినీర్‌ని అడగండి. ఒప్పుకోని లైను మీద బలవంతంగా 1500 రాస్తే ఏమవుతుందో ఈ థ్రెడ్ మొదట్లోనే ఉంది.

ఉప్పల్_ఉదయ

నాదీ తెనాలి గారి పరిస్థితే, పింగ్ పరీక్ష కూడా అలాగే తేలింది, రౌటర్‌లో 1492 సరిచేశాను. కానీ ల్యాప్‌టాప్ కంపెనీది. వైర్‌గార్డ్ కాన్ఫిగ్ తెరవనివ్వరు, అడాప్టర్ సెట్టింగులన్నీ తాళం వేసి ఉన్నాయి. ఇప్పుడు నేనేం చేయాలి?

టన్నెల్_లక్ష్మి

ఉదయ గారూ, ఈ పూట గడవాలంటే రౌటర్‌లో ఐపీవీ6 ఆపి చూడండి. అప్పుడు వీపీఎన్ ఐపీవీ4 మీద వెళ్తుంది, 1480తో పట్టేస్తుంది. ఇది ఎక్కువకాలం ఉంచుకునే ఏర్పాటు కాదు, ఇంట్లో మిగతావాళ్ల ఐపీవీ6 కూడా పోతుంది.

సరిచేయాల్సింది మీ ఐటీ వాళ్లు. "నెట్ స్లో" అని టికెట్ పెడితే స్పీడ్ టెస్ట్ అడిగి మూసేస్తారు. ఇలా రాయండి, యథాతథంగా పంపుకోండి:

"నా ఇంటి లైను పీపీపీఓఈ, పాత్ ఎంటీయూ 1492. 1464 సైజు పింగ్ వెళ్తోంది, 1465 వెళ్లడం లేదు. వీపీఎన్ ఐపీవీ6 ఎండ్‌పాయింట్ మీద 1420 టన్నెల్ ఎంటీయూతో బయటి ప్యాకెట్ 1500 బైట్లు అవుతోంది, అది ఈ లైనులో పట్టదు. అప్‌లోడ్ వెళ్తోంది, డౌన్‌లోడ్ ఆగుతోంది. దయచేసి టన్నెల్ ఎంటీయూని రెండు పక్కలా 1408 లేదా అంతకంటే తక్కువకు మార్చండి, వీపీఎన్ సర్వర్ ముందున్న ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీవీ6 'ప్యాకెట్ టూ బిగ్' సందేశాలను లోపలికి అనుమతించండి."

పింగ్ స్క్రీన్‌షాట్లు రెండూ జత చేయండి. వాళ్లు ఏమన్నారో ఇక్కడ రాయండి, అవసరమైతే తర్వాతి టికెట్ కలిసి రాద్దాం.